కాగితపు దొంగలు

బేకరీకి వచ్చిన కొత్త కాగితపు కవర్ల కట్ట మీద అక్షరాలు తలకిందులుగా అచ్చయ్యాయి. యజమాని అచ్చువాణ్ని నానా మాటలూ అని, కట్టను మూలన పడేయించాడు. కౌంటరు దగ్గర పనిచేసే ఆవిడకు మాత్రం వాటిని వదిలేయడానికి మనసొప్పలేదు. వీధిలో అందరూ ఆవిడను కేకులక్క అంటారు. కేకు చుట్టిన కాగితాన్ని కూడా పారేయడానికి చేతులు రాని మనిషి. అడిగి తెచ్చుకుని బీరువా కిందికి తోసింది.

ఆ రోజు వర్షానికి బడి మూసేశారు. మధ్యాహ్నానికల్లా ఆమె కూతురు పెద్దది, కొడుకు బుడ్డోడు కలిసి ఇల్లు పీకి పందిరేశారు. అది చాలదన్నట్టు పక్కింటి పిల్ల కూడా వచ్చి చేరింది. ముగ్గుర్నీ అదిలించడం కేకులక్కకు పెద్ద పని కాదు, ఆవిడ నోటికి వీధి కుక్కలే దారి తప్పుకుంటాయి. కానీ గట్టిగా అదిలించడానికి వీల్లేదు. పక్కగదిలో తమ్ముడు పడుకుని ఉన్నాడు.

తమ్ముడు సరుకుల ఓడలో వంటవాడు. ఆ ఓడను సముద్రపు దొంగలు పట్టుకుని, నెలల తరబడి నడిసముద్రంలో నిలబెట్టేశారు. చివరికి ఎలాగో వదిలిపెట్టారు. మనిషి ఇంటికి చేరాడు గానీ మాట మాత్రం చేరలేదు. పగలంతా తలుపేసుకుని పడుకుంటాడు. పెట్టింది తింటాడు, కంచం తనే కడుక్కుంటాడు, "చాలక్కా" అంటాడు, మళ్లీ తలుపు మూసుకుంటుంది. "మీరు తవ్వి అడగొద్దు, తనకు తోచినప్పుడు చెప్పనివ్వండి" అన్నాడు వైద్యుడు. నోట్లో నువ్వుగింజ నానని కేకులక్క ఆ ఒక్క ప్రశ్ననూ ఇన్నాళ్లుగా దిగమింగుకుని తిరుగుతోంది. తల్లి పోయాక వాణ్ని చంకనేసుకుని పెంచింది తనే. ఏం జరిగిందో చెప్పకుండా, ఆ గదిలోనే కొంచెం కొంచెంగా తనకు కాకుండా పోతాడేమోనని ఆవిడ భయం. ఈ మధ్య ఆ భయం తప్ప ఆవిడకు వేరే ధ్యాస లేదు.

పిల్లల్ని కూర్చోబెట్టడానికి కవర్ల కట్ట బయటికి తీసింది.

"ఇదిగో, కవరుకు అడుగున మడత ఉంది చూశారా, అదే నోరు. కవరు తలకిందులు చేసి, చెయ్యి లోపల పెట్టి, వేళ్లు ఈ మడతలో దూర్చి ఆడిస్తే బొమ్మ మాట్లాడుతుంది."

కవరు తలకిందులయ్యేసరికి తప్పుగా అచ్చయిన బేకరీ పేరు చక్కగా నిటారుగా నిలబడింది. అచ్చువాడు బొమ్మల కోసమే వేసినట్టున్నాడు అనుకుంది కేకులక్క.

"పిల్లుల్ని చేద్దాం," అంది.

"పిల్లుల్ని పసిపిల్లలు చేసుకుంటారు," అంది పక్కింటి పిల్ల. "మనం సముద్రపు దొంగల్ని చేద్దాం ఆంటీ."

పెద్దది తలెత్తి తల్లి మొహంలోకి చూసింది. మావయ్య వచ్చిన రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. వద్దంటే ఆ పిల్ల ఎందుకొద్దని అడుగుతుంది. దాని గొంతు మూడిళ్ల అవతలికి వినిపిస్తుంది, ఇక పక్కగది ఎంత. కేకులక్క ఒక్క క్షణం లెక్క వేసుకుంది. చేసేయడమే నయం, తమ్ముడు లేచేలోగా అన్నీ బీరువా కిందికి తోసేయవచ్చు.

"సరే. కానీ ఈ దొంగలు గుసగుసగానే మాట్లాడాలి. అరిచేవాడు దొంగెలా అవుతాడు, ఇట్టే దొరికిపోడూ?"

పిల్లలకు అది సబబుగానే తోచింది. నల్ల కాగితం కత్తిరించి టోపీలు అంటించారు. కంటికి నల్ల ముక్క, దానికి దారం. పాత ఊలు ఉండ విప్పి గడ్డాలు పెట్టారు. పెద్దది తన దొంగకు చెవిపోగు కూడా తగిలించింది. బుడ్డోడు గడ్డానికి గమ్ము ధారాళంగా పూశాడు. అది మడత లోపలికి కారి దొంగ నోరు అతుక్కుపోయింది. వాడు ఏడుపు మొదలుపెట్టేలోగా కేకులక్క చాకు మొనతో విడదీసింది. కింది పెదవి కాస్త చినిగింది.

"దెబ్బలాటలో చినిగింది," అని సర్దిచెప్పింది. బుడ్డోడి మొహం వెలిగిపోయింది.

కాసేపట్లో ముగ్గురు దొంగలు బల్ల మీద ఓడను పట్టుకుని, బంగారం ఎక్కడుందో చెప్పమని గుసగుసగా బెదిరించుకోసాగారు. కేకులక్కకు నవ్వాగలేదు. ఆ నవ్వులో ఉండగానే గది తలుపు తెరుచుకుంది.

ఖాళీ నీళ్ల సీసా పట్టుకుని తమ్ముడు గుమ్మంలో నిలబడ్డాడు. కేకులక్క తేలుకుట్టిన దొంగలా బిగుసుకుపోయింది. పెద్దది తన బొమ్మను గబుక్కున బల్ల కిందికి దాచింది. బుడ్డోడికి దాచడం తెలీదు.

"మావయ్యా, నీ దొంగలు ఇలాగే ఉండేవాళ్లా?"

అయిపోయింది అనుకుంది కేకులక్క. ఇక ఆ తలుపు మూసుకుంటే మళ్లీ తెరుచుకోదు. కొడుకు వీపు విమానం మోత మోగిద్దామా అన్నంత కోపం వచ్చింది, అంతకు మించి తన మీద తనకే వచ్చింది.

తమ్ముడు సీసా పక్కన పెట్టాడు.

"ఇలా ఉండేవాళ్లు కాదు," అన్నాడు.

వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఒక కవరు తీసుకుని, అక్షరాలు వెనక్కి వెళ్లేలా మడత తిప్పి, స్కెచ్ పెన్నుతో మొహం గీశాడు. సన్నటి మీసం. రెండు కళ్లు. అంతే.

"టోపీ ఏది?" అన్నాడు బుడ్డోడు.

"ఎండకు తువ్వాలు చుట్టుకునేవాడు."

"కంటికి నల్ల ముక్క?"

"రెండు కళ్లూ బాగానే కనిపించేవి."

"ఇలాగైతే వీడు దొంగలా లేడు," అంది పక్కింటి పిల్ల నిరాశగా. "మా బాబాయిలా ఉన్నాడు. చెడ్డవాడేనా?"

"ఒకసారి తుపాకి తిరగేసి కొట్టాడు." తమ్ముడు భుజం తడుముకున్నాడు. "ఇక్కడ."

ఆ భుజం నిమరాలనిపించింది కేకులక్కకు. అయినా కదల్లేదు, కదిలితే తమ్ముడు చెప్పడం ఆపేస్తాడని.

"వాడేమని మాట్లాడేవాడు మావయ్యా?" అంది పెద్దది మెల్లగా.

తమ్ముడు కవరులో చెయ్యి పెట్టాడు. కాగితపు నోరు ఊరికే తెరుచుకుంది, మూసుకుంది. మళ్లీ తెరుచుకున్నప్పుడు గొంతు వచ్చింది.

"'ఇవాళ ఏం వండుతున్నావు?' అనేవాడు. రోజూ పొద్దున్నే అదే మాట."

"వాళ్లకి కూడా మీరే వండిపెట్టేవారా? నేనైతే ఇంత ఉప్పు కుమ్మరించేదాన్ని," అంది పక్కింటి పిల్ల. "నోట్లో పెట్టుకోలేక చచ్చేవాళ్లు."

నిజానికి కేకులక్క కూడా మనసులో అలాంటిదే ఊహించుకుంటూ వచ్చింది. తన తమ్ముడు తక్కువవాడా, వాళ్లకు చుక్కలు చూపించే ఉంటాడని.

"నేను కుమ్మరించలేదు. బాగా వండాను," అన్నాడు తమ్ముడు. ఇప్పుడు పిల్లలతో కాదు, అక్కతో అంటున్నాడు. "సరుకులు తక్కువ. ఉన్నవాటిలో మంచివి వాళ్లకి, మా వాళ్లకి పలచటి గంజి. నేను వంటగదిలో ఉండేవాణ్ని కదక్కా, గిన్నె అడుగున మిగిలింది తినేవాణ్ని. మా వాళ్లందరికీ బుగ్గలు పీక్కుపోయాయి. నాకు పోలేదు. ఓడ దిగేటప్పుడు ఒక్కడూ నా మొహం చూడలేదు."

"భయపడి చేశావు. ఎవరైనా అదే చేస్తారు."

"మొదట్లో భయమే." తమ్ముడు చేతిలోని బొమ్మను చూస్తున్నాడు. "తర్వాత్తర్వాత, వీడు కంచం వేలితో తుడుచుకుని మరీ తిని, బాగుంది అనేవాడు. వాడు బాగుందంటే నాకు సంతోషంగా ఉండేదక్కా."

కొట్టారంటే ఏమనాలో, ఆకలికి మాడ్చారంటే ఏమనాలో కేకులక్క ఏనాడో సిద్ధం చేసుకుంది. ఇది మాత్రం ఆవిడ అనుకోనిది. బుగ్గలు పీక్కుపోయిన ఆ మనుషులు కళ్ల ముందుకు వచ్చారు. వాళ్ల ముందు తలెత్తలేనంత సిగ్గేసింది, తనే ఆ గంజి పోసినట్టు. ఆ సిగ్గును ఇన్నాళ్లుగా తమ్ముడొక్కడే మోశాడు, తలుపేసుకుని.

"వాళ్ల కోపం వాళ్లది. తప్పని నేననను," అంది చివరికి. "కానీ నువ్వు వంటవాడివిరా. వండింది బాగుందంటే సంతోషం వేస్తుంది. నువ్వు మాత్రం ఏం చేస్తావు? నాకైతే నువ్వు బతికొచ్చావు, అది చాలు."

తమ్ముడు బల్ల మీద, కత్తిరించిన కాగితం ముక్కల్లో తల ఆనించి, పెద్దగా ఏడ్చాడు. దొంగ ఇంకా చేతికే ఉన్నాడు. పిల్లలు బిక్కమొహాలు వేశారు.

"అమ్మా, మావయ్య ఏడుస్తున్నాడు," అన్నాడు బుడ్డోడు.

"ఏడవనీ," అంది కేకులక్క, తమ్ముడి వీపు మీద చెయ్యి వేసి. "నువ్వు ఆ గమ్ముకు మూత పెట్టు, ఎండిపోతుంది."