వేరు పట్టిన కొమ్మ

"కొమ్మలు గుచ్చుకుంటూ కూర్చుంటే ఇల్లెవరు చూస్తారు?" అంది మా అత్తగారు. పదేళ్ళుగా వింటున్న మాటే. చేతిలో కొమ్మ ఇసుకలో గుచ్చేసి వంటకు లేచాను.

మా ఆయనది మొక్కల నర్సరీ. బోర్డు మీద ఆయన పేరు. నాది పొద్దుటి వంట, తర్వాత నర్సరీ షెడ్డు, మళ్ళీ వంట. ఒకసారి పాత ఇల్లేదో కూలగొడుతుంటే ప్రహరీ పక్కన ఆ పొద కనిపించింది. ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది. ఆకు అడుగున వెండి పొడి చల్లినట్టుంటుంది. మిగతా చెట్లింకా మొగ్గ తొడగకముందే చుక్కలు చుక్కలుగా ఎర్రటి కాయలు. తొందరపడి కోస్తే నోరు పీక్కుపోతుంది, వేలు తగిలితే రాలేంతగా పండనిస్తే తీపీ పులుపూ కలిసిన రుచి. దాని పేరు ఎవరినడిగినా తెలీదన్నారు. కొమ్మలు తెచ్చుకున్నాను. "ఊరూ పేరూ లేని మొక్క, ఎవడు కొంటాడు?" అని మా ఆయన నవ్వారు.

మొదటి ఏడు నలభై గుచ్చితే నలభైకి నలభై కుళ్ళాయి. రెండో ఏడు లేత కొమ్మ మానేసి, సగం ముదిరినదాన్ని కింద కాస్త పాత బెరడు అంటుకొచ్చేలా చీల్చి ఇసుకలో పెట్టాను. పదకొండు బతికాయి. అవి పూశాయి గానీ కాయలు అంతంతమాత్రం. అన్నీ ఒకే తల్లి పొదవి; కాయ పట్టాలంటే పక్కన వేరే పొద పుప్పొడి తోడుండాలని తెలియడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. నాకు జ్వరమొచ్చిన రోజున వంటా ఆగలేదు, వాటికి నీళ్ళూ ఆగలేదు. ఆరో ఏడు వరసంతా ఎర్రగా కాసింది. జనం అడగడం మొదలయ్యాక అది "మన మొక్క" అయింది. పండ్లతోటల వాళ్ళ సభలో మాట్లాడమని ఆయనకు పిలుపొచ్చేసరికి "నా మొక్క" అయింది. నాలుగు ముక్కలు రాసిపెట్టమన్నారు. రాసిపెట్టాను.

సభలో చివరి వరసలో కూర్చున్నాను. నా వాక్యాలు ఆయన గొంతులో బాగానే ఉన్నాయి. సాయం ఎవరైనా ఉన్నారా అని ఎవరో అడిగితే, "మా ఆవిడ నీళ్ళు పోస్తుంటుంది" అన్నారు. అందరూ నవ్వారు. అలవాటుగా నేనూ నవ్వబోయాను. పెదవి కదల్లేదు.

అప్పుడు ముందు వరసలోంచి ఒక పెద్దావిడ లేచింది. గోళ్ళ నిండా మట్టి. సొంత తోట ఉన్న మనిషట. "కొమ్మ వేరు పట్టిందని పీకకుండా ఎలా తెలుస్తుంది బాబూ?" అని అడిగింది. కాగితంలో అది లేదు. చేతికి తెలిసిన సంగతి, రాయాలని నాకు తోచలేదు. ఆయన కాగితం తిప్పారు, మళ్ళీ తిప్పారు, నా వైపు చూశారు. ఆ చూపుకి నేను జవాబు అందించని రోజు లేదు. ఎప్పుడూ పక్కనుంచి, చెవిలో, అది ఆయనకే తట్టినట్టు. ఈసారి లేచి నిలబడ్డాను.

"రెండు వేళ్ళతో మెల్లగా పైకి లాగాలమ్మా. అది మన చేతిని కిందికి లాగితే వేరున్నట్టు. ఈ మొక్కలు పెంచింది నేను."

తిరిగి వస్తూ కారులో, నలుగురిలో పరువు తీశానన్నారు. కాసేపటికి మెత్తబడి, ఆ కిటుకేదో రేపు పనివాళ్ళకు చూపించేస్తే ఇక నేను హాయిగా ఇంటిపట్టున ఉండొచ్చన్నారు.

"పనివాళ్ళెందుకు, మీకే నేర్పుతాను" అన్నాను. "పొద్దున ఆరింటికల్లా షెడ్డుకు రండి. ముందు కుండీలు కడగాలి."