మునిగిన ఊరి చప్పుళ్లు

సాయంత్రం సోములమ్మ చోడి అంబలి దింపే వేళకు రిజర్వాయరు అడుగునున్న పాత ఊళ్లో రోకళ్లు మోగేవి, కుక్కలు మొరిగేవి. ముంచింగిపుట్టు సంత నుంచి పడవలో తిరిగొచ్చేవాళ్లు వాటిని వింటూనే చుట్టలు కాల్చుకునేవారు. మునిగినంత మాత్రాన ఊరు నోరు మూసుకుంటుందా!

సోములమ్మ కొడుకు ఫల్గుణ మాత్రం తట్టుకోలేకపోయేవాడు. ఇరవై దాటినా, చెవులు మూసుకుని తల గోడకేసి కొట్టుకునేవాడు. విశాఖలో డాక్టరు ఆటిజం అన్నారు. ఏఎన్‌ఎమ్ హేమలత అతని ఫోన్లో ఒక యాప్ వేసిచ్చింది. భయం ముంచుకొస్తే ఏం వినిపిస్తోందో దానికి చెప్పాలి. "మంచిది. ఇంకేం వినిపిస్తోంది?" అని అది నెమ్మదిగా అడుగుతుంది. చెబుతూ పోతే ఊపిరి కుదురుకుంటుంది.

ఫల్గుణ రోకలి అన్నాడు. ఆ పూటతో నీళ్లలో రోకలి ఆగింది. కుక్క అన్నాడు. కుక్క ఊరుకుంది. పక్కింటి యర్రమ్మ వచ్చి, తన పుట్టింటి రోకలి పోయిందని కాసేపు సణిగి, కుర్రాడి మొహంలో తేట చూసి, పోనీలెమ్మంది.

చివరికి ఒక్క గొంతు మిగిలింది. పడవ తిరగబడి పోయిన తండ్రి మంగ్లుది. "ఫల్గుణా, రారా" అని పిలిచేది. కాఫీ తోటలో పని ముగియగానే సోములమ్మ గట్టుకు పరుగెత్తేది ఆ పిలుపు కోసమే. అందుకే ఫల్గుణ ఎంత వణికినా దాని సంగతి ఫోనుకు చెప్పలేదు.

కానీ అతనికి మాటంటే మాటే. పిలిస్తే వెళ్లాలి. ఒక సాయంత్రం మొలలోతు నీళ్లలో కనిపించాడు. సోములమ్మ రెక్క పట్టుకుని గట్టుకు లాక్కొచ్చింది.

"నాన్న పిలస్తన్నాడు," అన్నాడు.

"మరి ఫోనుకి సెప్పనేదేటి?"

"సెప్తే ఆగిపోద్ది. నీకు కావాల గదా."

సోములమ్మ గట్టున చెప్పుల పక్కనున్న ఫోను తీసి, కొడుకు చూపించిన చోట నొక్కింది.

"మా ఇంటాయన గొంతు," అంది.

నీళ్లలో పిలుపు ఆగలేదు. పెళ్లయిన నాటి నుంచి ఆమె మొగుడి పేరు పలికి ఎరుగదు. కొంగుతో మొహం తుడుచుకుంది.

"మంగ్లు," అంది.

"మంచిది. ఇంకేం వినిపిస్తోంది?"

కొడుకు చెయ్యి వదలకుండా ఆమె చాలాసేపు చెవి ఒగ్గింది.

"ఏటీ నేదు," అంది.