మనిషిని తెచ్చే పెట్టె

నేను ఒక రేకుపెట్టెను. నల్లరంగు, రెండు కొండీలు, ఒక పక్క సొట్ట. ఆ రోజు నా మూత తెరిచి పారమ్మ తన కొడుకు బట్టలు సర్దుతోంది. సెలవు అయిపోయింది. జోగారావు మళ్ళీ మంచుకొండల మీది పటాలానికి వెళ్ళాలి. ఉన్ని చొక్కాలు, కొబ్బరినూనె సీసా, తాటితాండ్ర. అన్నిటికీ అడుగున, కొడుకు చూడకుండా, ఎండు నెత్తళ్ళ చేపల పొట్లం.

అతను చూడనే చూశాడు. "ఓలమ్మా! అక్కడ నా పక్క మంచం మీద పంజాబు సర్దారు పడుకుంటాడే. ఈ వాసనకి నన్ను బయట మంచులో పడుకోమంటాడు."

"ఆడికీ రెండు ఏయించి పెట్టు. మర్నాటి నుంచీ ఆడే అడుగుతాడు."

కొత్త పెట్టె కొనుక్కుంటానని అతను చాలాసార్లు అన్నాడు. ఆవిడ కొననివ్వలేదు. నన్ను శ్రీకాకుళం బజారులో మొదట కొన్నది జోగారావు తండ్రి గొండు గవరయ్య. ఆయనా సిపాయే. ఎక్కడెక్కడో తిరిగి, ఒక యుద్ధం చూసి, నన్ను నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చి, ముసలితనంతో సొంత మంచం మీద పోయాడు. అప్పట్నుంచీ పారమ్మకి నేను మనిషిని తెచ్చే పెట్టెను. మూత మీద గవరయ్య పేరు కిందనే కొడుకు పేరు రాయించింది. మనుషులింతే. పై అధికారులను నమ్మలేక రేకును నమ్ముతారు. నాకూ గర్వంగానే ఉండేది.

కొండ మీద నా చోటు జోగారావు మంచం కింద. ఒక మధ్యాహ్నం ఉత్తర్వు వచ్చింది. మర్నాడు మంత్రిగారు జవాన్లను చూడ్డానికి వస్తున్నారు, హెలికాప్టరు దిగే చోట మంచు తవ్వాలి. పై వాలులో మంచు వదులుగా ఉందని సుబేదారు చెప్పి చూశాడు. అధికారి వినలేదు. పొద్దున్నే జోగారావు తాండ్ర ముక్క బుగ్గన పెట్టుకుని, నా మూత వేసి, పార పట్టుకుని వెళ్ళాడు. ఒక కొండీ సరిగా పడలేదు. వచ్చాక వేస్తాడులే అనుకున్నాను.

నేల అదిరింది. నేను మంచం కిందనుంచి జానెడు జరిగాను. బయట కేకలు. తరవాత కేకలు కూడా లేవు. కూలిన మంచులో వెతికినవాళ్ళకి అతని పార దొరికింది. అతను దొరకలేదు.

నన్ను ఇంటికి తెచ్చినవాడు ఢిల్లేశ్వరరావు. పక్క ఊరివాడు, అదే పటాలం. నన్ను పారమ్మ ముందు దింపి కూలబడ్డాడు.

"పెద్దమ్మా, మంత్రిగారు రావట్లేదని ముందురోజు సాయంత్రమే పైవాళ్ళకి కబురొచ్చిందట. మాకెవరూ సెప్పలేదు."

పారమ్మ ఏడవలేదు. చెయ్యి మాత్రం ఆ పడని కొండీని వేస్తూ, తీస్తూ, మళ్ళీ వేస్తూ ఉంది.

తరవాత బడి ఆవరణలో సంతాప సభ పెట్టారు. అదే మంత్రిగారు, పక్కన భుజాల నిండా నక్షత్రాలతో ఒక సైన్యాధికారి. పారమ్మ నన్ను మోయించుకుని వచ్చి వేదిక మీద పెట్టించింది. "వీరమాత" అంటూ మంత్రి శాలువా కప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరు ఆ కొండకి ఎల్లట్లేదని మీకెప్పుడు తెలిసింది బావూ?"

మంత్రి అధికారి వైపు చూశాడు. అధికారి తన వెనక నిలబడ్డవాడి వైపు చూశాడు. అతని వెనక గోడ ఉంది.

"విచారణ వేశామమ్మా."

"నాను అడుగుతున్నది ఇచారణే కదా. సెప్పండి."

జనంలో ఎవరో "సెప్పండి!" అన్నారు. తరవాత అందరూ అన్నారు. "ఈసారి పార మంత్రిగారి సేతికియ్యండ్రా!" అని వెనకనుంచి ఒక గొంతు. మైకు ఆగిపోయింది. కార్లు దుమ్ము లేపుకుంటూ పోయాయి. శాలువా నా మీదే పడి ఉంది.

విచారణ ముగిసిందని పేపర్లో పడింది. తప్పంతా మంచుదేనట. మంత్రిగారికి పెద్ద శాఖ వచ్చింది, అధికారికి మరో నక్షత్రం. చదివి వినిపించిన ఢిల్లేశ్వరరావు పేపరు మడిచే ధైర్యం లేక అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

ఇప్పుడు నేను పారమ్మ మంచం కింద ఉన్నాను. నాలో ఆవిడ ఏమీ దాచదు. అడుగున నెత్తళ్ళ వాసన ఇంకా ఉంది. ఢిల్లేశ్వరరావు సెలవు ముగిసి వెళ్ళేటప్పుడు అతని పెట్టెకి కొండీలు పడ్డాయో లేదో వంగి చూస్తుంది. నన్ను మాత్రం పట్టుకెళ్ళమనదు.

నేను తిరిగొచ్చాను. గవరయ్య కొడుకు గొండు జోగారావు రథసప్తమి ముందురోజు పొద్దున మంచు తవ్వడానికి వెళ్ళాడు. తిరిగి రాలేదు.