కిటికీ ముందు నిలబడినవాళ్లు

కుప్పం రైల్వేస్టేషన్ బయటి పాత టాక్సీ బూత్‌ను చేరేలోపే కెజియా కొంగు ముక్కుకు అడ్డుపెట్టుకుంది. పుంగనూరు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. ఆ బూత్‌ను కూల్చవద్దని అర్జీ పెట్టింది ఆవిడే. చూసి తేల్చడానికి మున్సిపాలిటీ ఇంజనీరు రాజేంద్ర ఆ ఉదయం వచ్చాడు.

దాన్ని కట్టించింది ఆవిడ తండ్రి జయరత్నం. ఆ రోజుల్లో మదనపల్లె మిషన్ ఆసుపత్రికి వెళ్లవలసిన క్షయరోగులు ఇక్కడ రైలు దిగితే, దగ్గు వినబడగానే డ్రైవర్లు మొహం తిప్పుకునేవారు. తానూ డ్రైవరే అయిన జయరత్నం తోటివాళ్లను ఒప్పించి ఒక కట్టుబాటు పెట్టాడు: ఈ బూత్ కిటికీ ముందు ఎవరు నిలబడినా వరుసలో మొదటి బండి ఎక్కించుకోవాలి, రోగమేమిటని, కులమేమిటని అడగకూడదు. ఆ మాట కోసమే ఈ గోడలు లేచాయి.

సెల్‌ఫోన్లు వచ్చాక కిటికీ దగ్గర పని తగ్గింది. పని తగ్గాక అక్కడ మనిషి కూర్చోవడం మానేశాడు. మనిషి లేని గోడ మగవాళ్లకు మరుగుదొడ్డి అయింది. అది ఆపాలని ముందు గోడకు వెంకన్న, ఏసు, మక్కా బొమ్మల పలకలు అతికిస్తే, అందరూ మహా భక్తితో వెనక గోడకు మారారు.

"ఉంచాలనే నాకూ ఉందమ్మా," అన్నాడు రాజేంద్ర. "కానీ ఇంత కంపులో ఉంచమని ఎలా రాయను? సాయంత్రంలోగా కడిగించండి, రాసేస్తాను."

"అదెంతసేపు సార్! వీధులూడ్చే పాపన్నను పిలిపిస్తాండాము," అన్నాడు టాక్సీ స్టాండు పెద్ద ఉమాశంకర్. బూత్ పోతే స్టాండు కూడా పోతుందని అతని భయం.

"గలీజు చేసింది పాపన్న కాదు కదప్పా," అంది కెజియా. "మీరే నలుగురు డ్రైవర్లున్నారు. బకెట్ ఉంది."

"మేమా? యాలమ్మా ఎగతాళి! తెలిస్తే మా ఇంటిది గడప తొక్కనీదు."

"దినామూ ఆ గోడ కాడ నువ్వు చేసేది తెలిస్తే తొక్కనిస్తాదా?" అన్నాడు పక్క డ్రైవరు. అందరూ నవ్వారు.

అంతలో ఆ పాపన్నే వచ్చాడు, భార్య అంకమ్మను భుజానికి ఆనించుకుని. వచ్చి సరిగ్గా ఆ కిటికీ ముందే నిలబడ్డాడు.

"అన్నా, ఈయమ్మకు ఊపిరాడకుండా ఉండాది. ఈడ ఆసుపత్రిలో సూసినోళ్లు మదనపల్లెకు తీసకపొమ్మన్నారు. బండి కావల్ల."

"నీకు నూరేండ్లప్పా! ఇప్పుడే అనుకుంటాండాము," అన్నాడు ఉమాశంకర్. "ఆయమ్మను గట్టు మీద కూసోబెట్టి ఇది కడిగెయ్. ఆ పైన పోదువు. సీటు మీద గోనెపట్ట పరిపిస్తాలే."

కెజియా చేతిలోంచి కొంగు జారింది. గోడ కంపుకు ముక్కు మూసుకుంటే సరిపోయింది. ఈ మాటకు అది చాలలేదు.

ఆవిడ పుంగనూరు నుంచి తెచ్చుకున్న కారు అవతల ఆగి ఉంది. అంకమ్మ చెయ్యి పట్టుకుని వెనక సీట్లోకి ఎక్కించి, పక్కనే కూర్చుంది. పాపన్న ముందు, డ్రైవరు పక్కన ఎక్కాడు.

ఉమాశంకర్ పరుగున వచ్చాడు. "మేడం, బూత్ సంగతి?"

కెజియా అతన్ని దాటి ఇంజనీరు వైపు చూసింది. "నా అర్జీ వెనక్కి తీసుకుంటున్నాను. కూల్చేయండి."

"మీ నాయన కట్టించిండేదమ్మా!" అన్నాడు ఉమాశంకర్.

కారు కదిలింది. అంకమ్మ సీటు మాసిపోతుందేమోనని వీపు ఆనించకుండా అంచున కూర్చుంది.

"ఆనుకో తల్లీ," అంది కెజియా.

"ఉండనీమ్మా, ఇట్లే బాగుండాది."

మదనపల్లె దారిలో ఆవిడ ఊరు పుంగనూరు వచ్చింది. కెజియా దిగలేదు. అంకమ్మ ఆనుకోలేదు.