పంచదార డబ్బా మీది చీటీ

ఘాజియాబాద్‌లోని ఆ ఫ్లాట్‌లో రోజూ ఏడింటికి హైమవతి కాఫీ కలుపుతుంది. కలిపే ముందు డబ్బా మీది చీటీ చదువుకుంటుంది. నిరుడు సాంబారులో ఉప్పనుకుని పంచదార పోసేసినప్పుడు కూతురు వీణ అతికించిన చీటీ అది.

"అమ్మా, ఇది పంచదార. ఉప్పు ఎర్రమూత డబ్బాలో ఉంది. అనుమానమొస్తే చిటికెడు నోట్లో వేసుకుని చూడు. పప్పు మాత్రం చక్కగా ఉడికింది."

పైగదిలో అద్దెకుండే భవ్యశ్రీ కాఫీకి దిగొచ్చింది. ఆఫీసులో వీణ టీమ్‌లో చేరి నాలుగు నెలలైంది. గ్లాసు పట్టుకుంటే ఆమె వేళ్ళలోంచి గ్లాసు మీది గీతలు కనిపించాయి.

"పలచబడ్డం ఎంతదాకా వచ్చిందే?" అంది హైమవతి.

"భుజం దాకా, ఆంటీ. నిన్న నా కోడ్ మీద పదిహేడు కామెంట్లు. ఆఫీసు గేటు దగ్గర మెషీన్ నా మొహం గుర్తుపట్టట్లేదు. గార్డు భయ్యా రిజిస్టర్‌లో రాసుకుని, రేపట్నించి దగ్గుతూ రండి దీదీ అన్నాడు."

ఆ ఆఫీసులో అది మామూలే. రాసిన కోడ్ తిట్లతో తిరిగొచ్చిన ప్రతిసారీ రాసినవాళ్ళు కాస్త పలచబడతారు. చిట్టిబాబు అనే అబ్బాయి కిందటేడు మొత్తంగా పలచబడిపోయాడు. పదింటికి అతని కుర్చీ ఇప్పటికీ వెనక్కి జరుగుతుంది. పక్కవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారిస్తారు.

"సాయంత్రం మళ్ళీ రివ్యూ. ఆదివారం అమ్మ వీడియో కాల్ చేస్తుంది ఆంటీ. ఏం చూపించను?"

ఆ పిల్ల వెళ్ళాక హైమవతి తన అరచెయ్యి కిటికీ వెలుతురులో పెట్టి చూసుకుంది. రోజూ అలా చూసుకుంటుంది.

సాయంత్రం వీణ భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని భవ్యశ్రీ కోడ్ తెరిచింది. హైమవతి ఎదురుగా గోంగూర ఒలుస్తోంది.

"కళ్ళు మూసుకుని రాసిందా ఏంటి?" అంటూనే వీణ టైపు చేస్తోంది.

"అలాగే రాస్తున్నావా?"

"తప్పుని తప్పనొద్దామ్మా? ఇది ఇలాగే వెళ్తే రేపు వేలమంది టికెట్లు బుక్కవవు."

పైగదిలో అడుగుల చప్పుడు సన్నబడింది. ఇంకాస్త సన్నబడింది. చెప్పాలనుకున్నది జారిపోతుందేమోనని హైమవతి గబగబా వంటింట్లోకి వెళ్ళి డబ్బా తెచ్చి లాప్‌టాప్ పక్కన పెట్టింది.

"ఇప్పుడు పంచదారెందుకు?"

"నేను మర్చిపోకముందే ఆ చీటీ చదువు. అంత తప్పు చేశాను. ఏది తప్పో చెప్పావు, ఏం చెయ్యాలో చెప్పావు. నేనింకా కనిపిస్తున్నాను."

వీణ చదివింది. "నాకెవరూ ఇలా చెప్పలేదమ్మా," అంది. ఆమె ఎడమ చిటికెనవేలు ఎనిమిదేళ్ళుగా గాజులా పలచబడే ఉంది.

రాసిందంతా చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టింది. "సీట్లు లెక్కించే భాగం బాగా రాశావు. ప్రయాణికుడి పేరు ఖాళీగా వస్తే మాత్రం ఇక్కడ ఆగిపోతుంది. ముందు అది సరిచూసే లైను చేర్చు. కుదరకపోతే రేపు పదకొండింటికి ఇద్దరం కూర్చుందాం."

పైన కుర్చీ కిర్రుమంది.

పొద్దున్న కాఫీకి వచ్చిన పిల్ల వేళ్ళ వెనక గ్లాసు కనిపించలేదు. హైమవతి నవ్వబోయి ఆగిపోయింది. పేరు గుర్తురావట్లేదు.

ఆ పిల్ల ఒక కాగితం ముక్క చింపి, రాసి, ఫ్రిజ్ మీద అతికించింది.

"ఆంటీ, నేను భవ్యశ్రీని. కాఫీ బావుంది. పంచదార ఒక చెంచా చాలు. మర్చిపోతే మళ్ళీ రాస్తాను."