కాంతం పట్టిన తాడు

"లాఠీలొస్తన్నాయమ్మా! సోమారం నుంచి మన రోడ్డు మీదికి లాఠీలొస్తన్నాయి!"

నెత్తిమీద చేపల గంప దించకుండానే కాలనీ మొదట్లో ఈ కేక వేసింది అసిరమ్మ. జాలరిపేట నుంచి తెల్లవారుతూనే బస్సెక్కి పెందుర్తి దాకా వచ్చి చేపలమ్ముకునే మనిషి. సముద్రం హోరుతో పోటీపడి పెరిగిన గొంతు. ఒక వీధిలో "సేపలో" అంటే పక్క వీధి పిల్లులు కూడా లేచి కూర్చుంటాయి.

ఆ కేకతో కాలనీ కకావికలైపోయింది. లాఠీలంటే పోలీసులు, పోలీసులంటే ఆక్రమణలు. ఏటికేడూ రోడ్డు మీదికి జరుగుతూ వస్తున్న టీకొట్టు వరహాలు తన బల్లలన్నీ గబగబా వెనక్కి లాక్కున్నాడు. చిలకమ్మ ఆరేసిన బట్టలు తీసి లోపల పెట్టుకుంది. లాఠీలకీ లంగాలకీ సంబంధమేమిటని అడిగితే ఆవిడా చెప్పలేదు.

కాంతం ఒక్కతే నిలబడి అడిగింది. "ఎవరు చెప్పారు అసిరమ్మా?"

"బళ్ళో పెద్దమేష్టారే సెప్పినారు. నా సెవులారా ఇన్నాను."

"అప్పుడు బడిగంట కొడుతున్నారా?"

"ఆఁ, గణగణా కొట్టేత్తన్నారు. అయితే ఏటి?"

అయితే ఏమిటో కనుక్కుందామని కాంతం బడికి వెళ్ళింది. పెద్దమేష్టారి పేరు గురువులు. మనిషి ఒక్కడే అయినా పేరు బహువచనం కావడం వల్ల మూడు క్లాసులకి ఆయనే పాఠాలు చెబుతున్నాడు.

"లాఠీలు కాదమ్మా, లారీలు!" అన్నాడాయన నెత్తి కొట్టుకుని. "పెద్దరోడ్డు మీద ఎక్కడో కల్వర్టు కుంగిందిట. అది బాగయ్యేదాకా పోర్టు లారీలన్నీ మన బడి ముందు నుంచే పోతాయిట."

ఈ కబురు విని కాలనీ పగలబడి నవ్వింది. "లారీలేనా! ఇంకా నయం!" అని వరహాలు బల్లల్ని మళ్ళీ ముందుకి జరిపాడు. లారీవాళ్ళు టీ తాగకపోతారా అని కొత్త బల్ల కూడా ఒకటి వేశాడు.

కాంతం మాత్రం నవ్వలేదు. లాఠీ అయితే కనీసం ఎవరిని కొడుతున్నదీ చూసి కొడుతుంది. లారీకి ఆ మర్యాద కూడా ఉండదు.

సోమవారం లారీలు దిగాయి. బొగ్గు లారీలు, ఎర్రమట్టి లారీలు, ఎరువుల బస్తాల లారీలు. దారి అన్న మాట పోయి లారీ అన్న మాటే మిగిలింది. ప్రతిదాని వెనకా 'హారన్ కొట్టండి' అని రాసి ఉంటుంది. కొట్టే హారన్ వాళ్ళది, పడే హైరానా మనది. కాలనీ రోడ్డుకి ఈవల, బడి ఆవల, మధ్యలో పెద్ద మలుపు. మలుపు తిరిగి లారీ కనబడేసరికి అది మీదికొచ్చేసినట్టే.

మంగళవారం పొద్దున్న చిలకమ్మ కొడుకు చంటి సగం రోడ్డు దాటి, హారన్‌కి బెదిరి వెనక్కి పరుగెత్తాడు. కాలి చెప్పు ఒకటి రోడ్డు మీద ఉండిపోయింది. దాని మీద నుంచి ఎర్రమట్టి లారీ వెళ్ళింది. అప్పడంలా అణిగిపోయిన ఆ చెప్పు కాంతానికి చెప్పవలసిందంతా చెప్పేసింది.

ఆ సాయంత్రం కాంతం భర్త త్రినాథరావు కూడా ఆ చెప్పు సంగతి విన్నాడు. ఉక్కు ఫ్యాక్టరీలో ఏ, బీ, సీ మూడు షిఫ్టులూ మొయ్యడానికే తనకి త్రినాథుడని పేరు పెట్టారని చెప్పుకునే మనిషి. మామూలుగా కాంతం మాటకి ఎదురు చెప్పడు, చెప్పే టైముకి నిద్రలో ఉంటాడు గనక. ఆ రోజు మాత్రం మెలకువగానే ఉన్నాడు.

"ఆదివారం జ్యోతిని తణుకులో మా అక్కయ్య దగ్గర దింపేస్తాను. అక్కడ బళ్ళో వేస్తుంది. కల్వర్టు బాగయ్యాక తెచ్చుకుందాం."

"ఈ కల్వర్టు బాగయ్యేసరికి దానికి పెళ్ళీడు వచ్చేస్తుందండీ!"

"పిల్ల ఉంటే కదా కాంతం, పెళ్ళి."

పక్కగదిలో వాళ్ళమ్మాయి, మూడో తరగతి ఆశాజ్యోతి ఎక్కాలు బట్టీ పడుతోంది. ఆ ఎక్కాలు తణుకులో ఇంకెవరికో అప్పజెబుతుందనుకునేసరికి కాంతం లేచి గుమ్మం దాకా వెళ్ళి, ఏడో ఎక్కం పూర్తయ్యేదాకా విని వచ్చింది.

"ఆదివారం దాకా టైముంది కదండీ," అంది.

మర్నాడు పోలీసుస్టేషనుకి వెళ్ళింది. పండగ బందోబస్తుకే మనుషులు చాలడం లేదని, పండగయ్యాక రమ్మని అక్కడివాళ్ళు మర్యాదగానే చెప్పారు. వినాయకచవితి అప్పటికి ఇంకా వారం పైనే ఉంది. ఇంటికొస్తూ కాంతం గట్టిగా అనుకుంది, ఇక తాడో పేడో తేల్చుకోవాలని. పేడకి ఆ రోడ్డు మీద కొదవలేదు. కావలసింది తాడే.

ఆ తాడు అసిరమ్మ తెచ్చింది. పాత వలతాడు, మణికట్టంత లావు.

"ఉప్పునీళ్ళు తాగిన తాడమ్మా ఇది. ఏనుగు లాగినా తెగదు. ఏటి సేత్తావు దీంతోటి?"

"లారీలు ఆపుతాను."

"ఒలమ్మ! లారీలకి వలేత్తావేటి!"

పథకం సులువే. రోడ్డుకి ఈ పక్క కాంతం, ఆ పక్క చిలకమ్మ తాడు చెరో కొసా పట్టుకుంటారు. పదేసి మంది పిల్లలు పోగయ్యేదాకా తాడు నేల మీదే ఉంటుంది. పోగయ్యాక నడుమెత్తు లేపుతారు. లారీ ఆగుతుంది, పిల్లలు దాటతారు. పేరుకి కాంతమే గానీ ఆవిడ అసలు అయస్కాంతం. ఒక్క పూట తిరిగేసరికి కాలనీలో తల్లులంతా వచ్చి అతుక్కున్నారు.

గురువారం పొద్దున్న తాడు లేచింది. మొదటి లారీ ఆగింది! డ్రైవరు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, కాంతం కాళ్ళ దగ్గర ఓ నాణెం విసిరి, కళ్ళకద్దుకుని, పిల్లలు దాటాక వెళ్ళిపోయాడు. కాసేపటికి రెండో లారీ. అతను అరటిపళ్ళ అత్తం అందించాడు.

"ఎంత మంచోళ్ళో! పిల్లలంటే ఎంత పేమో!" అంది చిలకమ్మ అవతలి గట్టు నుంచి.

కాంతానికి ఏదో తేడాగా తోచింది. ఆలోచించేలోగా మలుపులో బొగ్గు లారీ కనబడింది. తాడు లేచింది. లారీ తాడుని చూసింది. చూసి, బ్రేకు వెయ్యలేదు. వేగం పెంచింది.

"వెనక్కి! వెనక్కి! చిలకా, వదిలెయ్!"

చిలకమ్మ వదిలేసింది. కాంతం రెండో చేత్తో పిల్లల్ని వెనక్కి నెట్టే తొందరలో తాడు వదలడం మరిచిపోయింది. వలతాడు అరచేతిలోంచి సర్రున జారిపోయి చర్మాన్ని ఒలుచుకుపోయింది. లారీ తాడుని ఈడ్చుకుంటూ వరహాలు కొట్టు దాటాక ఆగింది.

పిల్లలంతా గట్టు మీదే ఉన్నారు. కాంతం ఒక్కొక్క తల మీదా చెయ్యి వేసి చూసుకుంది. జ్యోతి పావడా మీద అమ్మ చేతి నెత్తురు మరక. అంతే.

డ్రైవరు దిగి మండిపడుతూ వచ్చాడు. అతని పేరు అప్పలసూరి అని తరవాత తెలిసింది. "ఏటమ్మా ఇది! కొత్తవలస కాడ ఇచ్చినాను, పెందుర్తి కాడ ఇచ్చినాను. ఇక్కడికొత్తే మళ్ళీ తాడు! ఇనాయకుడు ఒక్కడే గదా, ఊరికో బొజ్జేటి ఆయనికి?"

"ఇవ్వడమేంటండీ? ఏం ఇచ్చారు?"

"సందా! తాడు కట్టినారంటే సందాకి కాదేటి?"

"చందాయా! మేం కట్టింది పిల్లల్ని దాటించడానికండీ!"

అప్పలసూరి అప్పుడు చూశాడు గట్టు మీద పుస్తకాల సంచులతో నిలబడ్డ పిల్లల్ని. తలగుడ్డ విప్పి, నెత్తురోడుతున్న కాంతం చేతికి అందించాడు.

"నాను పిల్లల్ని సూడనేదమ్మా. తాడే సూసినాను. పూర్తిగా లెగిసేలోపు దాటిపోదారని తొక్కేసినాను. నాకూ ఉన్నారమ్మా ఇద్దరు..."

కాంతానికి అంతా అర్థమైంది. పండగల ముందు ఈ చుట్టుపక్కల రోడ్డుకి అడ్డంగా తాడు లేచిందంటే అర్థం ఒక్కటే. వినాయకుడి పందిరి కమిటీ కుర్రాళ్ళు బండి ఆపి చందా ఇస్తేగానీ వదలరు. అదీ గాక ఏటా సరిగ్గా ఆ మలుపులోనే వరహాలు కమిటీ తాడు కడుతుంది. ఇచ్చేవాడు నాణెం విసిరి పోతాడు, ఇయ్యలేనివాడు తాడు లేవకముందే ఉరికిస్తాడు. లారీల్ని ఆపుతాననుకుంది తను. ఉరికించింది తనే.

ఆ మధ్యాహ్నం త్రినాథరావు ఆవిడ చేతికట్టు చూశాడు. అటకమీది సూట్‌కేసు దించి దుమ్ము దులిపాడు.

"సర్దుకోండి," అంది కాంతం. "ఆదివారం ఇంకా రాలేదు."

ఆయన డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆవిడ కూర్చుని ఏడుద్దామనుకుంది. ఏడవాలంటే కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి కావాలి, చేతికేమో కట్టు. లేచి తాడు వెతుక్కొచ్చి పెరట్లో అడ్డంగా పరిచింది. చూసింది. మళ్ళీ నిలువుగా పరిచింది.

రోడ్డుకి అడ్డంగా ఉన్నంత కాలం అది చందా తాడే. రోడ్డు దాటే పిల్లలే దాన్ని పొడుగ్గా పట్టుకుంటే? వల లాగేటప్పుడు జాలర్లు ఒకరి వెనక ఒకరు పట్టుకోరూ, అలాగ. ముందో తల్లి, వెనకో తల్లి, మధ్యలో పిల్లలంతా ఒకే తాటిమీద. ఒకే తాటిమీద నడవడమంటే ఊళ్ళో పెద్దలకి చేతకాదు గానీ పిల్లలకేం!

కానీ డ్రైవర్లకి చెప్పాలి. లారీల హోరులో చెప్పాలంటే మైకుండాలి. మైకు వరహాలు కమిటీ దగ్గరుంది.

"మైకు దేవుడిదమ్మా," అన్నాడు వరహాలు టీ వడపోస్తూ. "పూజ కాకుండా ముట్టరాదు."

"మీ దేవుడు వాళ్ళమ్మ చెప్పిందని గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు కదా బాబూ. అడ్డం నిలబడితే ఏమైంది?"

"తల తెగిపోనాది."

"ఏనుగు తల అతికించారు. మా పిల్లలకి అతికించేవాళ్ళెవరూ లేరు."

వరహాలు గరిటె ఆపేశాడు. గురువారం పొద్దున్న జరిగింది అతను కొట్టులోంచి చూశాడు.

"మైకెట్టించీమంటావా?"

"పెట్టించండి. ఇంకోటి. ఈ మలుపులో మీ కమిటీ తాడు ఇక లేవకూడదు. చందా కావాలంటే పందిరి దగ్గర హుండీ పెట్టుకోండి."

"కుర్రోళ్ళు ఒప్పుకోరమ్మా."

"పిల్లలు పట్టుకునే తాడు వాళ్ళ తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఇస్తాను. ఆ తరవాత అడగండి."

ఇదీ అయస్కాంతమంటే. శుక్రవారం సాయంత్రానికి కమిటీ కుర్రాళ్ళు ఒప్పుకోవడమే కాదు, వేపచెట్టుకి మైకు గొట్టం కూడా వాళ్ళే కట్టారు.

శనివారం పొద్దున్న కాంతం వరహాలు కొత్త బల్ల ఎక్కి, కట్టు లేని చేత్తో మైకు పట్టుకుంది. కింద గట్టు మీద పిల్లల వరస, ముందు చిలకమ్మ, వెనక అసిరమ్మ. ఆవిడ ఆ పూట చేపల గంప వరహాలు కొట్లో దింపేసింది. వరస మధ్యలో జ్యోతి తాడుని రెండు చేతులా పట్టుకుని ఉంది.

కాంతం "హలో" అనబోయేలోపు మలుపులో బస్సు ఇంజన్ గట్టిగా రొద చేసింది. ఉక్కు ఫ్యాక్టరీ షిఫ్టు బస్సు. వెనకాల లారీల బారు. తాడుని చూసింది, మైకుని చూసింది, వేగం పెంచింది.

"ఆపండి! చందా కాదు! పిల్లలు! పిల్లలు!"

గొట్టంలోంచి ఆ కేక మలుపంతా అదిరేలా దూసుకెళ్ళింది. బస్సు కీచుమంటూ ఆగింది. పిల్లలు ఇంకా రోడ్డెక్కలేదు. బస్సు ముందు తలుపులోంచి అందరికన్నా ముందు దిగినవాడు త్రినాథరావు. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది.

"కాంతం," అన్నాడు బల్ల దగ్గరికొచ్చి. "నేనే... నేనే డ్రైవరుతో చెప్పాను. పోనీ గురూ, చందాల బ్యాచి, ఆగితే వదలరని. చెయ్యి ఒలుచుకుపోయాక నువ్వు మానేశావనుకున్నా. మైకు చూసి వరహాలు వాళ్ళనుకున్నా."

ఆవిడ ఆయన వంక చూసి, మైకు నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"డ్రైవరు బాబులందరికీ నమస్కారమండి. గురువారం ఇక్కడ తాడు కట్టింది మేమేనండి. మీరు చందా అనుకున్నారు. మీ తప్పు కాదండి, ఏటా ఇక్కడ కట్టేది చందా తాడే. పైసలిచ్చినవాళ్ళు ఆగారు, ఇయ్యలేనివాళ్ళు ఉరికించారు. ఇకనుంచి ఈ మలుపులో చందా తాడు లేదండి. ఇది పిల్లల తాడు. అడ్డంగా ఉండదు, పొడుగ్గా ఉంటుంది. ఇది కనబడితే ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదండి. ఆగితే చాలు. చిలకా, నడు."

తాడు కదిలింది. పిల్లలు ఒకళ్ళ వెనక ఒకళ్ళు రోడ్డెక్కారు. బస్సులోవాళ్ళు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూస్తున్నారు. మలుపు అవతల ఉన్న లారీలకి మైకు వినబడలేదు కాబోలు, హారన్లు మొదలెట్టాయి.

త్రినాథరావు అటు తిరిగాడు. రాత్రంతా డ్యూటీ చేసిన మనిషి పరుగులాంటి నడకతో మలుపు దాకా వెళ్ళి, మొదటి లారీ తలుపు మీద అరచేత్తో కొట్టాడు.

"చందా కాదు బావా, ఆర్పెయ్ ఇంజన్! పిల్లలు దాటుతున్నారు!" తరవాతి లారీ. "చందా కాదండీ, బడి పిల్లలు." ఆ తరవాతి లారీలో డ్రైవరు ఏదో అడిగాడు. కాంతానికి వినబడలేదు గానీ త్రినాథరావు జవాబు బాగా వినబడింది.

"మా అమ్మాయి కూడా ఉంది ఆ తాడుకి. రోజూ ఈ టైముకి ఇక్కడే దాటుతుంది. రోజూ! వెనకాలవాళ్ళకి కూడా చెప్పు!"