పిలవని పేరుకు పలికినవాడు

దాలయ్య గొంతెత్తితేనే పేటలో పెద్దవల ఒడ్డుకొస్తుంది. లాగేటప్పుడు ఒక్కో ఇంటివాడి పేరూ పాటలో కలుపుతాడు. పేరు వినపడ్డవాడు "ఓయ్" అని తాడు గుంజాలి. పాటలో పేరున్నవాడికే చేపల్లో వాటా. తాతలనాటి కట్టు ఇది.

ఈసారి ఒక పేరు తీసేయమన్నాడు గురువులనే పేట పెద్ద. ఆ పేరు దాలయ్య సొంత తమ్ముడు అప్పలరాజుది. పిల్లచేపల్నీ ఊడ్చేస్తుందని పేట వద్దన్న రింగువల బోటెక్కాడని వెలి. ఇంట్లో పొయ్యి వెలగక ఎక్కాడని అందరికీ తెలుసు. తెలిసినంత మాత్రాన పెద్దరికం ఊరుకుంటుందా?

వల లాగే ముందురోజు తమ్ముడి భార్య సుధారాణి గుమ్మంలో నిలబడి, "బావా, పాటలో పేరొక్కటి పిలిసీ. మిగిలింది ఆయన సూసుకుంతాడు" అంది. దాలయ్య తలూపాడు. ఊపడానికేం పోయింది?

పోర్టు క్రేన్ల దీపాలు ఆరకముందే అందరూ తాడు పట్టారు. అప్పలరాజు కూడా వచ్చి కొసన పట్టాడు. వదలమని ఎవరూ అనలేదు. పేరు చేదు గాని, రెక్కలు చేదా?

దాలయ్య ఎత్తుకున్నాడు.

"ఒకే తాడు, ఒకే ఊపు, ఐలేసా
ఒకే తల్లి పాలు మనవి, ఐలేసా"

ఆ తర్వాత రావలసింది తమ్ముడి పేరే. వాడు మొదటిసారి తాడు పట్టిన రోజున, వాడి కోసమే కట్టిన చరణం అది. గురువులు పడవకు ఆనుకుని చూస్తున్నాడు. దాలయ్య ఆ పేరు రావలసిన చోట తాడు మాత్రం గుంజాడు. ఆ ఖాళీలో, తాడు కొస నుంచి, పిలవకుండానే "ఓయ్" వినిపించింది. దాలయ్య తర్వాతి పేరు మరింత గట్టిగా అందుకున్నాడు.

వాటాల దగ్గర అప్పలరాజు గంప చాపాడు. గురువులు దాలయ్య వైపు తిరిగాడు.

"పిలిసినావేటి?"

పిలిచానంటే చాలు. పాట దాలయ్యది, అతని మాటే చెల్లుతుంది.

"నేదు" అన్నాడు దాలయ్య.

అప్పలరాజు గంప వెనక్కి తీసుకున్నాడు. "నాకినిపించినాది అన్నా" అని వెళ్లిపోయాడు.

ద్వారకా నగర్ నుంచి బీచికొచ్చిన పిల్లలెవరో ఆ పాటను ఫోనులో తీశారు. 'ఐకమత్యమంటే ఇదీ' అన్న రాతతో సాయంత్రానికి ఊరంతా తిరిగింది. పులుసు దించి, దాలయ్య భార్య గురువమ్మ కూడా ఫోనులో ఆ పాట పెట్టి చూసింది. తల్లి పాల మాట, ఆ వెంటనే ఖాళీ, అందులో ఓయ్.

"మరిది గొంతే ఇది. పిలిసినావన్నమాట" అంది. "మరి సుధారాణి పొయ్యి ఎలిగించనేదేటి?"

దాలయ్య కంచం ముందుకు లాక్కున్నాడు. కడుపు నిండా తిన్నాడు. పులుసులో ఉప్పు చాలలేదని సణిగాడు కూడా.